గోరు దిగే సందు

జిగురు ఆరడానికి అరగంట పడుతుంది, బండి రావడానికి యాభై నిమిషాలుంది, మిగిలిన ఆ ఇరవై నిమిషాలూ దేనికీ చాలవు, అలాగని తొందరగా గడిచీ చావవు, అనుకుంటూ నమూనాల మేస్త్రి బల్ల ముందుకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. బల్ల మీద ఊరుంది. ఒక మీటరుని రెండు మిల్లీమీటర్లకి కుదించి, అట్టతోనూ ఫోమ్‌తోనూ తలుపంత పలక మీద ఐదు వారాలు కూర్చుని తను కట్టిన ఊరు. ఒక పక్కగా నది, దాని మీద వంకర వంతెన, మూడు కమానుల బజారు, ఒక కాలు విరిగిన నీళ్ళ ట్యాంకు, ఆరువందల పైచిలుకు ఇళ్ళు. ఆ ఊరు ఈ దేశంలోది కాదు, తను ఎన్నడూ చూసినదీ కాదు. విమానంలోంచి తీసిన ఫోటోలు చేతిలో పెట్టి, పేరు చెప్పకుండా, బయట నోరెత్తనని కాగితం మీద సంతకం పెట్టించుకుని సైన్యం వాళ్ళు చేయించుకుంటున్న ఊరు. అక్కడ మూడేళ్ళుగా వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చస్తున్నారు, ఎల్లుండి మనవాళ్ళు వెళ్ళి ఆపుతారు. ఆపడమంటే ఏమిటో టీవీలో మాట్లాడే అందరికీ తెలిసినట్టే ఉంది, తన మట్టిబుర్రకే ఎక్కడం లేదు. ఫ్యాను ఆపాలంటే స్విచ్చి నొక్కాలి, ఏడ్చే పిల్లని ఆపాలంటే ఎత్తుకోవాలి, యుద్ధం ఆపాలంటే ఇంకో సైన్యం తుపాకులు పట్టుకుని వెళ్ళాలట. ఏమో, నిజమే కావచ్చు. నిజం కాకపోతే అంత చదువుకున్నవాళ్ళు అలా ఎందుకంటారు, నిజమే అయితే తనకీ గుబులెందుకు. ఆ సందు వల్ల.

మళ్ళీ కళ్ళు అక్కడికే వెళ్ళాయి. బజారు వెనక నుంచి నది దాకా పోయే సన్నని సందు, అటు పన్నెండిళ్ళు, ఇటు పధ్నాలుగిళ్ళు. బల్ల మీద అది ఎనిమిది మిల్లీమీటర్లుంది, అంటే అక్కడ నాలుగు మీటర్లన్నమాట. అక్కడ నాలుగు మీటర్లు లేదు. మీటరున్నర ఉంటే గొప్ప. తప్పు తనది కాదు, చేతిది. చేతిది కూడా కాదు, నలభై ఏళ్ళ కిందట పని నేర్పిన గురువుగారిది. మూడు మిల్లీమీటర్ల సందు వదిలి రెండు గోడలు అతికిస్తే జిగురు ఉబ్బి సందు పూడుకుపోతుంది, పూడకపోయినా చూసేవాడి కంటికి గోడలాగే కనపడుతుంది. అందుకని ఆయన తన చేతిని పట్టుకుని, కత్తి తీసి పక్కన పెట్టి, చిటికెనవేలు గోడల మధ్య దింపి చూపించాడు: చూసేవాడి గోరు దిగితేనే సందురా, దిగకపోతే నువ్వు పెట్టీ దండగే. అప్పట్నుంచీ ఎన్ని కాలనీలు చేశాడో, ఎన్ని ఫ్లాట్లకి చెట్లు నాటి, కార్లు నిలబెట్టి, పిల్లల్ని ఆడించాడో, ప్రతి సందునీ గోరు దిగేదాకా వెడల్పు చేసి పెట్టాడు. అది చూసి కొనుక్కున్నవాళ్ళు తర్వాత స్కూటరు తిప్పలేక తిట్టుకునే ఉంటారు, కానీ వచ్చి అడిగిన పాపాన పోలేదు. అవన్నీ ఇంకా కట్టని ఊళ్ళు. కట్టబోయే ఊళ్ళు చేసిన చేతికి ఉన్న ఊరు కొత్త, అయినా దాని అలవాటు అది మానుకుంటుందా, ఫోటోలో నీడ కమ్మేసిన ఆ సందు దగ్గరికి రాగానే తనని అడక్కుండానే గోరు దింపి చూసుకుంది. గురువుగారు బతికుంటే అడిగేవాడు, ఏమండీ, నిజంగా మనుషులున్న ఊరైతే ఏం చేయాలి, అని. ఆయనకీ తెలిసుండదు.

పోయిన గురువారం కళ్ళద్దాల కెప్టెన్ వచ్చాడు. మంచివాడు, మాటకి ముందు మేస్త్రిగారూ అంటాడు, టీ ఇస్తే వద్దనడు. జేబులోంచి చిన్న తగరపు బండి తీశాడు, అది కూడా ఇదే కొలతకి చేసింది, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదంతే, దాన్ని బజారు దగ్గర పెట్టి వేలితో తోశాడు. సందులోంచి గోడలు తగలకుండా వెళ్ళి నది దగ్గర తేలింది. పడుతుంది, అన్నాడు, మొదటి బండి ఇటే. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా, సందులు కాస్త, అని. కానీ కెప్టెన్ అప్పటికే ట్యాంకు దగ్గర ఇంకో వీధిలో బండిని తోస్తున్నాడు, ఆ వీధి కొలత ప్రకారమే ఉంది, కాబట్టి బండి మధ్యలో ఇరుక్కుంది. కెప్టెన్ రెండు వేళ్ళతో ఆ పక్క వరస మొత్తం, తొమ్మిదిళ్ళు, పైకి లాగి టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఇది తీసేస్తే పడుతుంది, అన్నాడు. ఆ వరసలు ఊడొచ్చేలా గుండుసూదులతో నిలబెట్టమని అడిగింది ఆయనే, ఎందుకో తనకి అప్పటిదాకా తట్టలేదు, సర్దడానికి వీలుగా అనుకున్నాడు. అసలు ఎందుకనుకోవాలి, నలభై ఏళ్ళలో ఏ బిల్డరూ ఇళ్ళు ఊడొచ్చేలా పెట్టమని అడగలేదే. టీ గ్లాసు పక్కన పడి ఉన్న ఆ తొమ్మిదిళ్ళ అడుగున సూదిమొనలు కనిపిస్తుంటే మేస్త్రి నోరు మూసుకున్నాడు. ఇంకేదో అంటున్నారు మేస్త్రిగారూ, అన్నాడు కెప్టెన్. ఏం లేదండీ, రంగు ఇంకా ఆరలేదు జాగ్రత్త, అన్నాడు తను.

ఇప్పుడు కత్తి పక్కన రెండు అట్ట పట్టీలున్నాయి. పొద్దున్నే కోసి పెట్టుకున్నాడు, ఒక్కోటీ రెండున్నర మిల్లీమీటర్ల మందం. అటొకటి ఇటొకటి గోడలకి అతికిస్తే సందు మూడు మిల్లీమీటర్లవుతుంది, ఉన్నదున్నట్టు అవుతుంది, రెండు నిమిషాల పని. తర్వాత కెప్టెన్ చూస్తాడు, బండి తోస్తాడు, ఇరుక్కుంటుంది, రెండు వేళ్ళు దిగుతాయి. ఏ వరస మీద దిగుతాయి, అటువైపుదా ఇటువైపుదా. ఇటువైపు నాలుగో ఇంటి మేడ మీద నీలం చుక్క ఉంది. ఫోటోలో ఆ చుక్క నీళ్ళ డ్రమ్ము, సూది చివర రంగు ముంచి తనే పెట్టాడు. డ్రమ్ము అని ఎలా తెలిసిందంటే తమ మేడ మీద నీలం డ్రమ్ముందని కాజాల అక్క ఎప్పుడో చెప్పింది కాబట్టి. పైన ఇప్పుడు ఆమె మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది, టకటకటక, ఆగుతుంది, మళ్ళీ టకటక, చొక్కాకి ఏడు కాజాలు, ఏడు సార్లు ఆగుతుంది. కింద ఈ పనిగది, మధ్య వాటాలో ఆమె, పైన తన ఇల్లు. రెండేళ్ళ కిందట ఆ దేశం నుంచి ఒక సంచీతో, వచ్చీరాని మాటలతో వచ్చి అద్దెకి దిగింది, ఇప్పుడు తమ్ముడూ అని పిలిచి తనతోనే దెబ్బలాడేంత భాష నేర్చింది. ఐదు వారాల కిందట ఫోటోలు విప్పగానే వంకర వంతెన, మూడు కమానులు, కాలు విరిగిన ట్యాంకు చూసి మేస్త్రి గుర్తుపట్టేశాడు, ఇవన్నీ తను ఆమె నోట విన్నవే. చెప్పలేడు, సంతకం పెట్టాడు. అడగడం మాత్రం అడిగాడు, మాటవరసకి అడిగినట్టు, అక్కా మీ సందు ఎంత ఉంటుంది, అని. ఆమె నవ్వింది. అటూ ఇటూ ఇళ్ళ అరుగులే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి తమ్ముడూ, చేతిలో బరువున్నవాళ్ళు ముందుకి, ఖాళీ చేతులవాళ్ళు వెనక్కి, అది మా సందు పద్ధతి. ఒకరోజు నేను ఖాళీ చేతులతో వస్తున్నాను, ఆయన పిండి బస్తా మోసుకొస్తున్నాడు, నలభై అడుగులు వెనక్కి నడిచాను ఆయన మొహం చూస్తూ, ఇంక పెళ్ళికి మిగిలిందేముంది, అంది. ఆ ఆయన ఇప్పుడు లేడు. అక్క వాళ్ళమ్మ మాత్రం ఆ డ్రమ్ము ఉన్న ఇంట్లోనే ఉంది, ఎనభై ఏళ్ళావిడ, చంపినా ఇల్లు కదలనందట. ఆరు నెలలైంది ఫోను మోగి.

ఆమె రోజూ అడుగుతుంది, మీవాళ్ళు ఎప్పుడెళ్తారు, అని. మీరు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు, ఎవరో ఒకరు వచ్చి మధ్యలో నిలబడాలి కదా, అంటుంది, అంటున్నప్పుడు ఆమె చేతిలో సూది ఆగదు. ఆమె అడిగిందంటే వెళ్ళడమే న్యాయం, ఇంట్లో కాలుతున్నవాళ్ళే రమ్మంటుంటే వీధిలో నిలబడి న్యాయాన్యాయాలు ఆలోచించడమేమిటి. కానీ నాలుగు దుకాణాల అవతల క్షౌరశాలలో నెమ్మదాయన ఉన్నాడు, ఆయనదీ ఆ దేశమే, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. పోయిన ఆదివారం గడ్డం చేస్తూ కత్తి తన గొంతు దగ్గర ఆపి, వెళ్ళొద్దని చెప్పండి సార్, అన్నాడు. నా చిన్నప్పుడు ఒకసారి ఇలాగే వచ్చారు, వేరే దేశం వాళ్ళు, మంచివాళ్ళే. మా నాన్నకి ఆయాసానికి మాత్రలిచ్చారు. పదేళ్ళున్నారు, ఒకరోజు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన వారానికి, మాత్రలు తీసుకున్నాడని మావాళ్ళే వచ్చి మా నాన్నని తీసుకెళ్ళారు, అన్నాడు, అని మళ్ళీ నురగ గీస్తూ పోయాడు. గొంతు మీద కత్తి ఉండగా ఏమని బదులు చెప్తాడు తను. ఇంటికొస్తూ అనుకున్నాడు, నెమ్మదాయన చెప్పిందే నిజం. మెట్ల దగ్గర కాజాల అక్క కనపడింది, అప్పుడు ఆమె చెప్పిందే నిజమనిపించింది. ఇద్దరూ ఒకే దేశం, ఇద్దరూ పోగొట్టుకున్నవాళ్ళే, ఒకరు రమ్మంటారు ఒకరు వద్దంటారు, ఏ దరిద్రుడు తీర్పు చెప్తాడు దీనికి. ఇంటావిడని అడిగితే ఇంకా బాగుంది. అన్నం వడ్డిస్తూ, వాళ్ళ గొడవలోకి మన పిల్లెందుకు వెళ్ళాలి, అంది. టీవీలో ఇటుకల కింద నుంచి పసిగుడ్డుని లాగుతుంటే చూసి, ఛీ, ఇంతమంది ఉండి ఒక్కరూ వెళ్ళరేం, అంది. ఒకే పూట, ఒకే నోరు. నవ్వొచ్చింది మేస్త్రికి, తర్వాత నవ్వు రాలేదు, ఎందుకంటే తన బుర్రలో జరుగుతున్నదీ అదే, కాకపోతే ఆమె పైకి అనేసింది.

మన పిల్ల. మూడూ ముప్ఫై రెండు. ఒక్కగానొక్క కూతురు సైన్యంలో పెద్ద బళ్ళు నడుపుతుంది, పొద్దున ఫోన్ చేసింది, నాన్నా నాలుగింటికి నమూనా తీసుకెళ్ళే డ్యూటీ నాకే వేశారు, అడిగి వేయించుకున్నాలే, వెళ్ళే ముందు నిన్ను చూసినట్టుంటుంది, అని. గొంతులో హుషారు. ఎల్లుండి మొదటి బండి నాదే తెలుసా, అంది. తెలుసు, తగరపు బండి తన కళ్ళ ముందే వెళ్ళింది, కానీ అందులో ఎవరున్నారో ఆ గురువారం తెలియదు. చిన్నప్పుడు ఇదే బల్ల కిందే పెరిగింది, తెగిన అట్టముక్కలే దాని బొమ్మలు. ప్రతి నమూనా అయిపోయాక స్టూలెక్కి చిటికెనవేలు సందుల్లో పెట్టి లాగేది, నాన్నా ఇది దిగింది, ఇదీ దిగింది, అని ఒక్కో సందూ పాస్ చేసేది. ఒకసారి అడిగింది, నిజం ఇంటి దగ్గర కూడా ఇంత ఖాళీ ఉంటుందా, అని. ఉండదమ్మా, ఇది చూడ్డానికి, అన్నాడు తను. అయితే అబద్ధమా, అంది. అబద్ధం కాదు, పద్ధతి, అన్నాడు. ఆరేళ్ళ పిల్లకి ఆ జవాబు చాలింది, అరవై రెండేళ్ళు వచ్చి తనకిప్పుడు చాలడం లేదు. బండి ఎంత వెడల్పు, రెండున్నర మీటర్లు, ఒకసారి తనే కొలిచాడు సరదాకి. సందు మీటరున్నర. సందు మొదట్లోనే ఆగిపోతుందా, లేక ఈ ఊళ్ళో సందు వెడల్పు అని బల్ల మీద చూసి నేర్చుకుని వేగంగా పోనిచ్చి గోడల మధ్య బిరడాలా బిగుసుకుంటుందా, అప్పుడు మేడల మీద ఎవరుంటారు, డ్రమ్ము పక్కన కూర్చున్న ముసలావిడా, ఇంకెవరైనానా. పట్టీలు అతికిస్తే పిల్ల బతుకుతుంది. అతికిస్తే ఆ వరస ఊడుతుంది. అతికించకపోతే వరస ఉంటుంది, పిల్ల. ఆ మాట పూర్తి కావడం లేదు లోపల. అతికించాలి, తండ్రన్నవాడు ఇంకోటి ఆలోచిస్తాడా. మరి పైనున్న అక్కా ఒక తల్లికి కూతురే కదా, ఆ ముసలావిడ రెండేళ్ళుగా తలుపు దగ్గర ఈమె కోసమే కూర్చుందేమో. అసలు వెళ్ళకపోతే ఏ గొడవా లేదు, వెళ్ళకపోతే మాత్రం ఆ ముసలావిడని వదిలేస్తారా అక్కడ కొట్టుకునేవాళ్ళు. వెళ్ళాలా వద్దా అన్నది దేశాలు తేల్చుకోవాల్సిన సంగతి, తనకొచ్చిన భాగం ఐదు మిల్లీమీటర్లు, ఆ ఐదు మిల్లీమీటర్లే మింగుడు పడటం లేదు.

పట్టకారుతో ఒక పట్టీ ఎత్తి జిగురు రాశాడు. సందు మీదికి తెచ్చాడు. చేయి దాని పని అది చేసుకుపోతుంది, ఎప్పుడూ అంతే, ఆగింది తనే. జిగురు మొహం పాలిపోయినట్టయి, మెరుపు పోయి, పొర కట్టింది. తుడిచి మళ్ళీ రాశాడు. మళ్ళీ ఆరింది. పైన మిషను ఆగింది, ఏడో కాజా అయిపోయినట్టుంది, బొత్తాలు కుట్టుకోడానికి కిటికీ దగ్గరికి జరిగినట్టు స్టూలు చప్పుడైంది. ఆమెని పిలిచి చూపించేస్తే, ఇదిగో అక్కా నీ సందు, నువ్వే చెప్పు, అని. ఛ, ఎంత పాపిష్టి ఆలోచన, తన బరువు తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టడం. వీధిలో బ్రేకు పడింది, కిటికీ అద్దాలు జిలజిలలాడాయి. గడియారం చూస్తే ఇంకా మూడూ యాభయ్యే. ముందొచ్చేసింది, చిన్నప్పట్నుంచీ అంతే, బడికి కూడా ముందే పోయేది. పట్టీలు రెండూ గుప్పిట్లో పెట్టుకుని మేస్త్రి లేచి నిలబడ్డాడు.

కూతురు లోపలికొచ్చి బూట్లు గుమ్మం దగ్గర విప్పింది, ఈ గదిలోకి బూట్లతో రాకూడదని తనే నేర్పాడు. తోటి డ్రైవరు బండి దగ్గరే ఉందని చెప్పింది. జుట్టు పొట్టిగా కత్తిరించారు, చెవులు చిన్నపిల్ల చెవుల్లా బయటికొచ్చాయి. బల్ల చుట్టూ ఒక తిరుగు తిరిగి, అబ్బ, ఎంత బాగా చేశావు నాన్నా, అంటూ బజారు దగ్గర ఆగి, చిటికెనవేలు సందులో దింపి నది దాకా లాగింది. దిగింది, అంది. నవ్వబోయి ఆగింది.

"నాన్నా, నీ గోరు లెక్క కాదు. అసలు ఎంత?"

గంటసేపు తూచినవన్నీ, కెప్టెన్ వేళ్ళూ, నెమ్మదాయన కత్తీ, ఇంటావిడ రెండు మాటలూ ఒక్కసారి మేస్త్రి నోటి దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"మూడు మిల్లీమీటర్లు," అన్నాడు చివరికి.

కూతురు నోట్లోనే లెక్క వేసుకుంది. బల్ల అంచున సూదులు పైకి పెట్టి పడుకుని ఉన్న తొమ్మిదిళ్ళ వరస చూసింది. సందుకి అటూ ఇటూ ఉన్న వరసల్ని గోటితో కదిపి, అవీ ఊడొస్తాయని తెలుసుకుంది. "ఆ నీలం చుక్కేమిటి?" అని అడిగింది.

మేస్త్రి పై కప్పు వంక చూశాడు. పైన స్టూలు ఇంకొంచెం జరిగిన చప్పుడైంది. రెండేళ్ళుగా సెలవులకొచ్చినప్పుడల్లా కాజాల అక్కని అత్తా అని పిలుస్తూ, వాళ్ళమ్మ డ్రమ్ములో నీళ్ళు పట్టే కథలన్నీ విన్న పిల్లకి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"అత్తకి తెలుసా?"

"లేదు."

"కెప్టెన్‌గారికి?"

"చెప్పలేదమ్మా. చెప్తే ఒకటి, చెప్పకపోతే ఇంకోటి. నాకేం పాలుపోవడం లేదు."

"మరి నాకెందుకు చెప్పావు నాన్నా?"

కోపంగా అనలేదు. టైమెంతైందని అడిగినట్టు అడిగింది. నువ్వు అడిగావు కాబట్టి అని మేస్త్రి అందామనుకున్నాడు, అది నిజం కాదనిపించింది. గుప్పిట విప్పాడు. జిగురుతో అరచేతికి అంటుకున్న పట్టీల్ని కూతురే గోటితో ఊడదీసి, చూసి, చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది.

"నువ్వు గంటసేపు ఆలోచించి ఉంటావు," అంది. "నాకింకా రెండు రోజులుంది."

నమూనా మీద మూత బిగించి, అటొక చేయి ఇటొక చేయి వేసి ఇద్దరూ బండి దాకా మోశారు. తనకి తెలిసిన బండే, అయినా ఇవాళ వీధంతా అదే నిండినట్టుంది, పక్కింటి సైకిలు గోడకి చేర్చితే గాని తలుపు తెరుచుకోలేదు. కూతురు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మేస్త్రి భుజాలు పట్టుకుని ఆపాడు, ఎందుకాపాడో తెలియదు, పెట్టనిస్తే చివరిసారి అయిపోతుందనిపించింది. వెళ్ళొస్తా, అమ్మకి చెప్పు, అంది. బండి మూల తిరిగేటప్పుడు రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడి తిరిగింది, అద్దంలో ఆ చెవి ఒక్కటి కనపడింది. మేస్త్రి పనిగది తలుపు వేసి పైకి బయల్దేరాడు. సుఖంగా ఉందా చెప్పేసినందుకు, లేదు. చెప్పకుండా ఉండాల్సిందా, అదీ లేదు. మెట్లు ఎన్ని ఎక్కాడో చూసుకోలేదు. పైనుంచి కుట్టు పూర్తయిన చొక్కాల మూట రెండు చేతులా పట్టుకుని కాజాల అక్క దిగుతోంది. ఆ మెట్ల మీద ఇద్దరు పట్టరు. మేస్త్రి తన ఖాళీ చేతులు చూసుకుని, గోడ పట్టుకుని, వెనక్కి ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టాడు. మా సందు పద్ధతి బాగానే పట్టుబడింది తమ్ముడూ, అంది ఆమె మూట మీదుగా నవ్వుతూ.

"కిటికీలోంచి చూశాను, అంత పెద్ద బండా మన పిల్ల నడిపేది," అంది. "మా ఊరు పంపిస్తే దానికి చెప్పు, ఆ సందులో బండి పట్టదు. బజారు దగ్గర ఆపుకుని నడిచి రమ్మను. అత్త పంపిందంటే మా అమ్మ తలుపు తీస్తుంది."

"చెప్పానక్కా," అన్నాడు మేస్త్రి, ఇంకో మెట్టు వెనక్కి దిగుతూ.